బట్టలకు, బీరువాకు బూజు పడితే: గుర్తించడం నుంచి తిరిగి సర్దేదాకా

బీరువా తలుపు తీయగానే ముక్కిన వాసన కొట్టిందంటే, కంటికి ఏమీ కనిపించకపోయినా బూజు ఎక్కడో మొదలైందనే అనుకోవాలి. ఆ దశలో ఎక్కువమంది చేసే పనులు రెండు: మచ్చపడ్డ బట్టను అక్కడే విదిలించడం, అరల్లో నాలుగు నాఫ్తలిన్ ఉండలు పడేయడం. విదిలిస్తే బూజు గదంతా లేస్తుంది. ఉండలు ఒక వాసన మీద ఇంకో వాసన కప్పుతాయి, అంతకుమించి ఏమీ చేయవు. కొన్ని వారాలకు అదే మూలలో అదే మచ్చ.

బూజు సిద్ధబీజాలు, అంటే బూజును వ్యాపింపజేసే కంటికి కనబడని కణాలు, గాలిలో ఎప్పుడూ ఉంటాయి, ఏ ఇల్లూ దానికి మినహాయింపు కాదు. వాటికి తిండి కూడా కరువుండదు. నూలు దారంలోని సెల్యులోజ్, గంజి, చెమట, ఒంటి జిడ్డు, దుమ్ము, అన్నీ పనికొస్తాయి. పాలియెస్టర్ దారాన్ని బూజు తినలేదు కానీ దానికంటిన జిడ్డు మీద బతికేస్తుంది. మన చేతిలో ఉన్నదల్లా తేమ ఒక్కటే. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే మడతల్లో బూజు మొదలవుతుంది. తడిసిన బట్టైతే అంతసేపు కూడా ఆగదు, 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే చాలు. అందుకే ఈ పని మొత్తంలో ఉతకడం సగమే. చెమ్మ ఎటునుంచి వస్తోందో తేల్చడం మిగతా సగం.

ముందు అది బూజేనా చూడండి

గదిలో లైటు ఆపేసి, టార్చిని బట్ట మీద నిలువుగా కాకుండా పక్క నుంచి, దాదాపు బట్టకు ఆనించినట్టు పట్టి చూడండి. దుమ్మైతే చదునుగా పరుచుకుని ఉంటుంది. బూజైతే సన్నని నూగులా పైకి లేచి కనిపిస్తుంది, చిన్న చిన్న గుండ్రాలుగా, అంచుల్లో పలచగా, మధ్యలో చిక్కగా. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, నలుపు, ఏ రంగైనా కావచ్చు. ముందుగా చూడాల్సినవి కాలరు లోపలి వైపు, చంకలు, నడుము పట్టీ, మడత పడిన గీత, కుట్ల లోపలి అంచు. ఒంటి జిడ్డు మిగిలేదీ గాలి తగలనిదీ అక్కడే కాబట్టి బూజు కూడా అక్కడే మొదలవుతుంది.

గోధుమ రంగులో, నూగు లేకుండా, దారంలోకి ఇంకిపోయిన మచ్చ తుప్పుదో పాత నూనెదో కావచ్చు. ఈ తేడా ముఖ్యం. తుప్పు మచ్చ మీద క్లోరిన్ బ్లీచ్ పోస్తే మచ్చ ఇంకా గట్టిపడుతుంది. గోడ మీద తెల్లగా పొడిపొడిగా రాలేది లవణాల పూత కావచ్చు. దాని మీద నీటి చుక్క వేస్తే కరిగిపోతుంది, బూజు కరగదు. పెయింటు వేసిన గోడ మీద నల్ల మచ్చ మురికా బూజా అన్న అనుమానం ఉంటే, నీళ్లు కలిపి పలచన చేసిన బ్లీచ్ ఒక చుక్క వేసి రెండు నిమిషాలు చూడండి. రంగు తేలిపోతే బూజు, అలాగే ఉంటే మురికి. ఈ పరీక్ష గోడకే, బట్టల మీద చేయకండి.

నల్ల బూజు కనబడగానే కంగారుపడి ల్యాబు పరీక్షలకు డబ్బు పోయనక్కర్లేదు. రంగును బట్టి ఏ జాతో, ఎంత ప్రమాదమో చెప్పలేం. ఏ జాతైనా తొలగించే పద్ధతి ఒకటే.

ఎవరు చేయకూడదు

ఉబ్బసం, బూజు అలర్జీ, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, వ్యాధినిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. పక్క గదిలో ఉంటే సరిపోదు, పని అయ్యేదాకా ఇంట్లోనే లేకపోతే ఇంకా మంచిది. పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

బూజు పాకిన మేర మొత్తం కలిపి చదరపు మీటరు లోపు ఉంటే ఇంట్లోవాళ్లే శుభ్రం చేసుకోవచ్చు. అంతకు మించి పాకినా, మురుగు నీటితో తడిసినా, గోడ లోపలి నుంచి వస్తున్నట్టు అనిపించినా ఆ పని తెలిసినవాళ్లకు అప్పగించండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎన్95 మాస్కు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఈ బీజాలను సరిగా ఆపలేవు. ముక్కు దగ్గర తీగను నొక్కి, గట్టిగా ఊపిరి వదిలినప్పుడు అంచుల నుంచి గాలి కారకుండా చూసుకోండి.
- గాలి రంధ్రాలు లేని కళ్లద్దాలు, మోచేతికి దగ్గరగా వచ్చే రబ్బరు తొడుగులు.
- పెద్ద ప్లాస్టిక్ సంచులు, మూతి కట్టే తాడు.
- మెత్తని కుచ్చు బ్రష్, నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు బకెట్లు.
- దొరికితే హెపా ఫిల్టరున్న, అంటే అతిసన్నని కణాలను కూడా పట్టి ఉంచే వడపోత ఉన్న వాక్యూమ్ క్లీనర్. మామూలు వాక్యూమ్ వాడొద్దు, ముందు నుంచి పీల్చిన బీజాలను వెనక నుంచి సన్నగా చిమ్మేస్తుంది.
- డిజిటల్ హైగ్రోమీటర్, అంటే తేమ కొలిచే చిన్న పరికరం. ఈ జాబితాలో ఏదైనా ఒక్కటే కొనగలిగితే ఇది కొనండి.

హైగ్రోమీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు పోసి, తడి ఇసుకలా ముద్దయ్యేంత మాత్రమే నీళ్లు కలపండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. ఆ మూతనూ పరికరాన్నీ జిప్ కవరులో పెట్టి మూసేసి, గది ఉష్ణోగ్రత దగ్గర 12 గంటలు వదిలేయండి. అది 75 శాతం చూపించాలి. 79 చూపిస్తే మీ పరికరం నాలుగు ఎక్కువ చెబుతోందన్నమాట. ఇకమీదట ఆ నాలుగూ తీసేసి చదువుకోండి.

మొదటి మెట్టు: బట్టలు బయటికి తీయడం

ఫ్యాను, ఏసీ ఆపేయండి. గది తలుపు మూసి, బయటికి తెరుచుకునే కిటికీ ఉంటే తీయండి. బట్టలను విదల్చకుండా, మడత విప్పకుండా, ఎలా ఉన్నవి అలాగే సంచిలోకి జార్చి, బీరువా ముందే మూతి కట్టేయండి. చేతుల మీద మోసుకుంటూ హాలంతా దాటితే దారి పొడవునా బీజాలు రాలతాయి.

మచ్చ కనబడినవి ఒక సంచిలో, మచ్చ లేకుండా వాసన మాత్రం వచ్చేవి ఇంకో సంచిలో వేయండి. రెండో రకం బాగానే ఉన్నాయనుకుని తిరిగి లోపల పెట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు. అదే బీరువాలో అదే గాలిలో ఉన్నాయి కాబట్టి అవి కూడా ఉతకాల్సినవే. మూతి కట్టిన సంచిని రాత్రంతా వదిలేయకండి, లోపలి చెమ్మకు బూజు ఇంకా పెరుగుతుంది. అదే రోజు తెరవండి.

రెండో మెట్టు: ఆరాకే దులపడం

తడి బూజును తుడిస్తే దారాల్లోకి ఇంకుతుంది, రంగు కూడా అంటుకుంటుంది. ఆరిన బూజు పొడిలా రాలిపోతుంది. కాబట్టి ముందు ఆరాలి. ఆరుబయట, గాలి ఆడే చోట, ఒక్కో బట్టను విడిగా దండెం మీద వేయండి. తెల్లని నూలుకు ఎండ మంచిది. రంగు బట్టలకు గంటో రెండు గంటలో చాలు, అదీ లోపలి వైపు పైకి తిప్పి. పట్టు, ఉన్ని, తోలు మాత్రం నీడలోనే. ఎండ పట్టు దారాన్ని పెళుసు చేస్తుంది. ఎండ చెమ్మను లాగేస్తుంది, పైన ఉన్న బీజాల్లో కొన్నిటిని చంపుతుంది. అంతమాత్రాన బూజు పోయిందనుకోకండి. చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది. దాన్ని బట్ట మీద నుంచి తీసేయాలి, చంపి వదిలేస్తే సరిపోదు.

పూర్తిగా ఆరాక మాస్కు పెట్టుకుని, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, మెత్తని బ్రష్‌తో పై నుంచి కిందికి ఒకే దిశలో దులపండి. గుండ్రంగా రుద్దకండి. హెపా వాక్యూమ్ ఉంటే దాని మూతికి సన్నని దోమతెర ముక్క కట్టి, పీల్చే వేగం తగ్గించి, బట్టకు ఆనించకుండా పైపైన నడిపించండి. జరీ, ఎంబ్రాయిడరీ, పాత పట్టు విషయంలో ఈ పద్ధతి బ్రష్ కంటే ఎన్నో రెట్లు నయం.

దులిపాక మచ్చ ఉన్నచోట బట్టను రెండు చేతుల వేళ్లతో పట్టి నెమ్మదిగా లాగి చూడండి. దారం చిట్లితే బూజు దాన్ని తినేసినట్టే. ఏ ఉతుకూ దాన్ని బాగుచేయదు.

మూడో మెట్టు: ఉతకడం

ముందు లేబుల్ చూడండి. బట్ట తట్టుకునే గరిష్ఠ వేడి అందులో ఉంటుంది. ఒక్కసారికి మెషిన్‌లో సగమే నింపండి, కుక్కితే నీరు మడతల్లోకి వెళ్లదు.

నూలు, నార, పాలియెస్టర్, రంగు దిగనివి: ఆక్సిజన్ బ్లీచ్‌లో నానబెట్టాలి. పొడిగా దొరికే ఈ బ్లీచ్‌లో ఉండేది సోడియం పెర్‌కార్బొనేట్. నీటిలో అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేస్తుంది, మచ్చ రంగును తీసేది అదే. చల్లని నీటిలో దాదాపు పని చేయదు. 40 నుంచి 50 డిగ్రీల నీటిలో లీటరుకు 5 నుంచి 10 గ్రాములు పూర్తిగా కరిగాకే బట్టలు వేయండి. పొడి నేరుగా బట్ట మీద పడితే అక్కడ రంగు వెలుస్తుంది. రెండు మూడు గంటలు నానాక మామూలు సబ్బు పొడితో ఉతకండి. మచ్చ మిగిలితే మళ్లీ అదే చేయాలి, మోతాదు పెంచకూడదు. మిగిలిన ద్రావణాన్ని సీసాలో పోసి మూత బిగించకండి. ఆక్సిజన్ వెలువడుతూనే ఉంటుంది, ఒత్తిడికి సీసా పగులుతుంది.

రంగు దిగుతుందో లేదో అనుమానం ఉంటే, లోపలి కుట్టు దగ్గర అదే ద్రావణం రెండు చుక్కలు వేసి, పది నిమిషాల తర్వాత తెల్ల గుడ్డతో అద్ది చూడండి.

తెల్లని నూలు మాత్రమే: ఆక్సిజన్ బ్లీచ్‌కు లొంగని మచ్చకు ఇంట్లో వాడే క్లోరిన్ బ్లీచ్ 60 మి.లీ.ను దాదాపు 4 లీటర్ల చల్లని నీటిలో కలిపి, 5 నిమిషాలు ముంచి, వెంటనే రెండు మూడు నీళ్లలో జాడించండి. ఎక్కువసేపు ఉంచితే మచ్చ పోయే లోపే దారం బలహీనపడుతుంది. ఉన్ని, పట్టు, స్పాండెక్స్ కలిసిన బట్టలకు ఇది తగలకూడదు. పట్టు, ఉన్ని పసుపుబారి కరగడం మొదలవుతాయి, స్పాండెక్స్ సాగే గుణం పోగొట్టుకుంటుంది.

బ్లీచ్‌ను దేనితోనూ కలపకండి. అమోనియా ఉన్న క్లీనర్‌తో కలిస్తే క్లోరమైన్, వెనిగర్ లాంటి ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడతాయి. రెండూ ఊపిరితిత్తులకు విషమే. ఒకటి వాడి, సరిగా జాడించకుండా వెంటనే రెండోది పోసినా అదే జరుగుతుంది.

పట్టు, ఉన్ని: రెండూ జంతువుల నుంచి వచ్చే దారాలు, క్షారం వాటికి పడదు. ఆక్సిజన్ బ్లీచ్ పొడి కూడా క్షారమే కాబట్టి అదీ వద్దు. ఇంట్లో ఉతకొచ్చని లేబుల్ మీద ఉంటే పట్టుకూ ఉన్నికీ పనికొచ్చే ద్రవ సబ్బుతో 30 డిగ్రీల లోపు నీటిలో, రుద్దకుండా, పిండకుండా ఉతకండి. తువ్వాలులో చుట్టి నీరు అద్ది, చదునుగా ఆరేయండి. జరీ ఉన్నవాటికి, ఖరీదైనవాటికి తడి తగిలించకుండా, దులిపాక డ్రై క్లీనర్‌కు ఇచ్చి, బూజు పడిందని చెప్పి ఇవ్వండి. చెప్పకపోతే మచ్చ మీద వేడి ఇస్త్రీ పడుతుంది.

ఏ బట్టకైనా మచ్చ పూర్తిగా పోయేదాకా డ్రయ్యర్ వేడి, ఇస్త్రీ వద్దు. వేడి తగిలితే రంగు దారంలో స్థిరపడుతుంది. ఎంత చేసినా లేత నీడలా ఏదో మిగిలితే అది బూజు వదిలిన రంగే, బతికున్న బూజు కాదు. వాసన, నూగు లేకపోతే ఆ బట్ట కట్టుకోవచ్చు.

వాసన మాత్రమే మిగిలితే, ఆఖరి జాడింపు నీటిలో తెల్ల వెనిగర్ 100 మి.లీ. పోయొచ్చు. వాసనకు బాగా పనిచేస్తుంది. బూజును పూర్తిగా చంపుతుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మకండి, కొన్ని రకాలే దానికి లొంగుతాయి. బ్లీచ్ వాడిన ఉతుకులో ఇది పోయకూడదు.

అన్నీ అయ్యాక మెషిన్‌ను ఖాళీగా, అది తట్టుకునే గరిష్ఠ వేడిలో ఒకసారి తిప్పండి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత విప్పి తుడవండి. అందులో మిగిలిన నీరే తర్వాతి ఉతుకును పాడుచేస్తుంది.

తోలు బెల్టులు, బ్యాగులు, బూట్లు

ముందు ఆరుబయట పొడి బ్రష్. తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు అంతే నీరు కలిపి, గుడ్డను అందులో ముంచి గట్టిగా పిండి, ఒక్కసారి తుడవండి. తోలు తడవకూడదు, చెమ్మగిల్లితే చాలు. కనబడని చోట ముందు పరీక్షించుకోండి, కొన్ని రంగులు ఆల్కహాల్‌కు దిగిపోతాయి. దగ్గర్లో స్టవ్, దీపం ఉండకూడదు. నీడలో ఒక రోజు ఆరాక తోలు కండిషనర్ పలచగా రాయండి. మందంగా పూస్తే ఆ కొవ్వే మళ్లీ బూజుకు మేత. బూట్ల లోపలి పట్టీలు, స్పాంజి ప్యాడ్లు పారేసి కొత్తవి వేయడం ఉత్తమం, స్పాంజి లోపల చేరినదాన్ని తీయడం కుదరని పని.

బట్టలు ఆరుతుండగా: చెమ్మ ఎటునుంచి?

ఖాళీ బీరువాను గోడ నుంచి జరపండి. బూజు ఎక్కడ చిక్కగా ఉందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

- కింది అరలో, గోడ అడుగున ఉంటే: నేల నుంచి పైకి ఎక్కే చెమ్మ, లేదా గోడలో కారుతున్న గొట్టం. గోడకు అవతల స్నానాలగది ఉందా చూడండి.
- పై మూలలో, కప్పు దగ్గర ఉంటే: పైకప్పు కారుతోంది.
- వెనక పలక అంతటా పలచగా ఉంటే: గాలిలోని తేమ చల్లని గోడ మీద నీరవుతోంది.
- వెనక ఏమీ లేక, బట్టల మడతల్లోనే ఉంటే: బట్టలు చెమ్మతోనే లోపలికి వెళ్లాయి.

మూడోదాని గురించి కొంచెం వివరంగా. 30 డిగ్రీల గాలిలో 75 శాతం తేమ ఉంటే, 25 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా నీరు పడుతుంది. అవతలి గదిలో ఏసీ 22 దగ్గర నడుస్తూ, ఇవతల ఏసీ లేని గదిలో అదే గోడకు బీరువా ఆనించి ఉంటే జరిగేది ఇదే. కంటికి నీటి బొట్లు కనబడాల్సిన పని కూడా లేదు, ఆ గోడ దగ్గరి గాలిలో తేమ 80 శాతం దాటితే బూజుకు చాలు.

గోడ లోపలి చెమ్మా, గాలి చెమ్మా తేల్చుకోవడానికి అల్యూమినియం రేకు పరీక్ష ఉంది. గోడను పొడిగా తుడిచి, అడుగు పొడవు, అడుగు వెడల్పు వంట రేకును నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో అంటించండి. 48 గంటల తర్వాత రేకు వెనక తడి ఉంటే గోడే నీరు వదులుతోంది, ముందుగా ప్లంబరునో మేస్త్రినో పిలవాలి. గది వైపు తడి ఉంటే గాలి తేమ. అప్పుడు బీరువాను గోడ నుంచి 5 నుంచి 10 సెంటీమీటర్లు జరిపి, లేదా అవతల ఏసీ లేని గోడకు మార్చి, గదిలో తేమ తగ్గించాలి. గోడ కారుతుంటే పైన పెయింటు వేసి కప్పేయకండి. బూజు మీద వేసిన పెయింటు పొరలుగా ఊడుతుంది.

ముసురు పట్టినప్పుడు కిటికీలన్నీ తీసి "గాలి ఆడనిస్తే" తగ్గుతుందనుకోవడం పొరపాటు. బయటి గాలిలో నీరు ఎక్కువున్నప్పుడు కిటికీ తీస్తే ఆ నీటిని లోపలికి పిలిచినట్టే. ఆ రోజుల్లో కిటికీలు మూసి డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను లాగే యంత్రం) గానీ ఏసీ గానీ నడపాలి, పొడి రోజున తెరవాలి.

బీరువా శుభ్రం

ఇక్కడ బట్టలకు చెప్పినదానికి పూర్తిగా విరుద్ధం: పొడిగా దులపకూడదు, తడి గుడ్డతోనే తీయాలి. చెక్క, రేకు, లామినేట్ లాంటి గట్టి ఉపరితలంలోకి బూజు అంతగా ఇంకదు, తడి దాన్ని గాలిలోకి లేవకుండా పట్టి ఉంచుతుంది.

అరలు, సొరుగులు, ఊడదీయగలిగినవన్నీ తీసేయండి. ఒక బకెట్‌లో 4 లీటర్ల గోరువెచ్చని నీరు, ఒక చెంచా గిన్నెలు తోమే ద్రవ సబ్బు. రెండో బకెట్‌లో మంచి నీళ్లు. సబ్బు నీటి గుడ్డను బాగా పిండి, పై నుంచి కిందికి తుడవండి. రెండు గీతలకోసారి గుడ్డ మడత మార్చండి, లేకపోతే ఒకచోట తీసింది ఇంకోచోట పూస్తారు. తర్వాత మంచినీటి గుడ్డ, ఆ వెంటనే పొడి గుడ్డ. జనం మరచిపోయే చోట్లు: కీళ్ల గుంటలు, అరలు ఆనే మేకుల రంధ్రాలు, సొరుగు నడిచే పట్టాల వెనక, బీరువా నెత్తి, అడుగు పలక కింది వైపు, వెనక పలక బయటి వైపు.

స్టీలు బీరువాకు ఇంతే సరిపోతుంది, తుప్పు పట్టిన చోట గీకి పెయింటు వేయాలి. చెక్క మీద క్లోరిన్ బ్లీచ్ పోయడం వృథా: క్లోరిన్ పైపైనే ఆగిపోతుంది, దానిలోని నీరు మాత్రం చెక్క లోపలికి ఇంకుతుంది. రంగు పోయి శుభ్రమైనట్టు కనబడుతుంది, కొన్నాళ్లకు లోపలి నుంచి బూజు తిరిగొస్తుంది. పాలిష్ లేని చెక్కలో మచ్చ మిగిలితే, పూర్తిగా ఆరాక మాస్కు పెట్టుకుని, ఆరుబయట 120 నంబరు గరుకు కాగితంతో పలచగా గీకి, పొడిని తడి గుడ్డతో తీసి, ఆపై వార్నిష్ వేయండి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ పలకలు ఉబ్బి అంచులు విచ్చుకుంటే మార్చేయడమే. వెనక పలచటి పలకకు బూజు లోతుగా పడితే దాన్ని ఊడదీసి కొత్తది కొట్టించడం రెండు రోజులు తోమడం కంటే చవక.

ఇక అందరూ తొందరపడే ఘట్టం. తుడిచిన సాయంత్రమే బట్టలు సర్దేస్తారు. పైన ఆరినట్టు కనబడే చెక్క లోపల నీరు ఇంకా ఉంటుంది. తలుపులు తీసి, ఫ్యాను నేరుగా లోపలికి తిప్పి కనీసం రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఆ తర్వాత ఖాళీ బీరువాలో హైగ్రోమీటర్ పెట్టి తలుపులు మూసి 24 గంటలు ఆగండి. 55 శాతం లోపు చూపిస్తే సర్దవచ్చు. 60 దాటితే చెక్క ఇంకా నీరు వదులుతోందనో, గది తేమే అంత ఉందనో అర్థం. గదిలోనూ కొలిచి చూడండి: గది 50, బీరువా 65 అయితే తప్పు బీరువాది. రెండూ 65 అయితే గదిది.

తిరిగి సర్దడం

"ఆరిన" నూలు బట్టలోనూ నీరుంటుంది. తేమ 65 శాతం ఉన్న గాలిలో నూలు తన బరువులో సుమారు 7, 8 శాతం నీటిని పట్టి ఉంచుతుంది, ఉన్ని అంతకు దాదాపు రెట్టింపు. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. ముసురు రోజున, 80 శాతం తేమలో, 5 కిలోల నూలు బట్టలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగిస్తే అరకిలోకు దగ్గరగా నీటిని లోపల బంధించినట్టే. ఆ డబ్బాను 50 శాతానికి తేవాలంటే సుమారు 200 గ్రాముల నీటిని లాగేయాలి. తేమ పీల్చే గుళికలైన సిలికా జెల్ ఆ 50 శాతం తేమ దగ్గర తన బరువులో పావు వంతు దాకా పీల్చగలదు. అంటే 800 గ్రాముల జెల్ కావాలి, డబ్బాతో వచ్చే చిన్న పొట్లాలు కావు. కాబట్టి మూసి పెట్టాల్సిన బట్టలను పొడి రోజునే, లేదా డీహ్యూమిడిఫయర్ నడిచిన గదిలో ఒక రాత్రి వేలాడదీశాకే సర్దండి. అలా పెడితే మూత బిగించిన డబ్బా మంచిదే, బయటి తేమ లోపలికి రాదు.

దాచే బట్టలకు గంజి వద్దు. ఒక్కసారే కట్టి తీసినవైనా ఉతికాకే పెట్టాలి. ఆవిరి ఇస్త్రీ చేసినవి వెంటనే మడవకుండా గంటైనా హ్యాంగర్‌కు ఉంచాలి. డ్రై క్లీనింగ్ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవరు తీసేసి నూలు కవరు వేయండి. హ్యాంగర్ల మధ్య రెండు వేళ్ల సందు, అర వెనక గోడకూ మడతలకూ మధ్య అరచేతి మందం ఖాళీ ఉండాలి. సూట్‌కేసులు నేల మీద కాకుండా పీట మీద పెట్టండి.

తేమ పీల్చేవాటిలో సిలికా జెల్ మంచిది, మళ్లీ మళ్లీ వాడొచ్చు: 120 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచితే తిరిగి పొడిబారుతుంది. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. అది విషం, వంట ఓవెన్‌లో వేడి చేయకండి. నారింజ రంగు నుంచి మారే రకం ఎంచుకోండి. కాల్షియం క్లోరైడ్ డబ్బాలు ఎక్కువ నీరు పీలుస్తాయి కానీ ఆ నీరు డబ్బా అడుగున ఉప్పు ద్రావణంగా చేరుతుంది. ఒలికితే తోలు ముడుచుకుంటుంది, ఇనుము తుప్పు పడుతుంది. బీరువా అడుగున, కదలని చోట, పిల్లలకు అందకుండా పెట్టి, నిండగానే మార్చాలి. తలుపులు రోజంతా తీసి ఉంటే ఏదీ పనిచేయదు, గది మొత్తాన్ని ఆరబెట్టే శక్తి వాటికి లేదు. యాక్టివేటెడ్ చార్‌కోల్ వాసన పీలుస్తుంది, తేమకు దాన్ని నమ్ముకోకండి. బీరువాలో చిన్న బల్బు వెలిగించి పెట్టే చిట్కా అసలే వద్దు, బట్ట తగిలితే అంటుకుంటుంది.

నాఫ్తలిన్ ఉండలు పురుగులకే, బూజుకు కాదు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న శిశువులకు, నాఫ్తలిన్‌తో దాచిన బట్టలు వేస్తే ఎర్ర రక్తకణాలు చిట్లే ప్రమాదం ఉంది. పసిపిల్లల బట్టల దగ్గర ఆ ఉండలు ఉండనే కూడదు. పురుగులకే వాడే పారాడైక్లోరోబెంజీన్ బిళ్లలతో నాఫ్తలిన్‌ను కలిపి పెడితే రెండూ కరిగి బట్టలకు జిడ్డు మచ్చలు పడతాయి.

సర్దాక మొదటి నెల వారానికోసారి హైగ్రోమీటర్ చూడండి. ఒక తెల్లని నూలు రుమాలును ఉతికి, ఇదివరకు బూజు పట్టిన మూలలోనే మడిచి పెట్టండి. నెల తర్వాత టార్చిని పక్కగా పట్టి దాని మడతలు చూడండి. రుమాలు మీద నూగు కనిపిస్తే రేకు పరీక్ష దగ్గరికి తిరిగి వెళ్లి, ఈసారి గోడకు రెండు మూడు చోట్ల అంటించి చూడాలి. ఏమీ లేకపోతే తనిఖీ నెలకోసారి చాలు, ముసురు రోజుల్లో మాత్రం మళ్లీ వారానికోసారి.